అబిగేల్ మేకుల టైర్లు

మా అబిగేల్ సైకిల్ టైర్ల కోసం ప్రార్థించమని చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టినందుకు మా ఆయన ఒక పూటంతా నాతో మాట్లాడలేదు.

నేను పెట్టింది ఒక్క ముక్క. "ప్రైజ్ ద లార్డ్. మా అమ్మాయి అబిగేల్ సైకిలు, మంచు, టైర్ల విషయమై ప్రార్థన చేయగలరు" అని. దానికి ఎన్ని ఫోన్లు! ఏ హాస్పిటల్ అని ఒకరు, ఎముక విరిగిందా అని ఒకరు. నేపర్‌విల్‌లో ఉండే రాగిణి అయితే పులిహోర కలిపి తెస్తున్నాను, ఎంతమంది ఉన్నారక్కడ అంది. "ఏమీ కాలేదమ్మా, కాకముందే చేయమంటున్నాను" అంటే, "ఓ, అంతేనా" అని, నేనేదో మోసం చేసినట్టు ఫోను పెట్టేసింది. అయ్యాక చేసేదానికి ప్రార్థనెందుకు, పులిహోర చాలదూ?

"ఆనందబాబు భార్యకి మతి పోయిందనుకోరూ జనం?" అన్నారు మా ఆయన, మాటలు మళ్ళీ మొదలయ్యాక.

అనుకోనీ. ఆయనకేం, ఆయన నిద్రపోగలరు.

మేము ఇల్లినాయ్‌లో, అరోరాలో ఉంటాం. ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు ఇల్లు. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. నాకు కారు నేర్పుతానని ఆయన రెండుసార్లు స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. బ్రేకు తప్ప ఇంకేదీ తొక్కడం లేదని రెండుసార్లూ దింపేశారు. అబిగేల్ మాకు ఒక్కతే. చదువైపోయి, వారెన్‌విల్‌లో ఒక ఆఫీసులో చేరింది. మా వీధి చివర నుంచి ఒక ట్రైల్ పోతుంది. కార్లు రావు దాని మీద, నడిచేవాళ్ళూ సైకిళ్ళూ మాత్రమే. అది తిన్నగా వాళ్ళ ఆఫీసు వెనకవైపుకి తేలుతుంది. వేసవంతా ఇది సైకిలు మీదే వెళ్ళొచ్చింది. వేసవిలో భయపడడానికి నాకు కుక్కలు, ఉరుములు, ముక్కూమొహం తెలియని మగాళ్ళు ఉండేవారు. చలికాలం వస్తే ఎలాగూ మానేస్తుంది కదా అని పళ్ళబిగువున ఓర్చుకున్నాను.

చెట్ల ఆకులు రాలడం మొదలైన రోజుల్లో, అన్నం దగ్గర కూర్చుని బాంబు పేల్చింది.

"మమ్మీ, ఈసారి వింటర్‌లో కూడా రైడ్ చేస్తాను."

"మంచులోనా?"

"పీపుల్ డూ ఇట్, మమ్మీ."

"ఏ పీపుల్? వాళ్ళ అమ్మలు బతికే ఉన్నారా?"

ఆయన నవ్వారు. ఆయనకి నా ప్రాణం మీదకొచ్చిన ప్రతిదీ జోకే.

"కారు కొనుక్కోవే తల్లీ. అందరి పిల్లలూ కార్లలో తిరుగుతుంటే..."

"నాకు కార్ వద్దు. పోయిన వింటర్ డాడీ కార్ నా చేతిలో స్పిన్ అయింది కదా. ఆ ఐస్ మీద. నాకు ఇప్పుడు కూడా చేతులు చెమట వస్తుంది." అని పెరుగు కలుపుకుంటూ, ఏదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు, "లేకపోతే ఆఫీస్ పక్కన అపార్ట్‌మెంట్ తీసుకుంటాను. చూసాను ఆల్రెడీ. డిసెంబర్‌లో ఒకటి ఎంప్టీ అవుతుంది. వాక్ చేసి వెళ్ళొచ్చు" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"మంచి ఐడియానే," అన్నారు ఆయన.

ఆయన దింపగలిగితే ఈ గొడవే లేదు. ఆయన ఆఫీసు షాంబర్గ్‌లో, ఇటు కాదు, అటు. తెల్లారకముందే వెళ్ళిపోతారు. నాకు కారు రాదు. ఇక మిగిలింది అపార్ట్‌మెంటు. ఒంటరిగా ఆడపిల్ల. బాత్రూములో కాలు జారి పడితే తలుపు ఎవరు కొడతారు? స్టవ్ ఆపడం మర్చిపోతే? ఆ పైవాడు ఎవడో, ఆ కిందివాడు ఎవడో. ఇంట్లో ఉండి మంచులో సైకిలెక్కితే నాకు రోజుకి రెండుసార్లు భయం. వేరే ఇల్లు తీసుకుంటే రోజంతా భయం. ఆలోచించి ఆలోచించి, తక్కువ భయమే ఎంచుకున్నాను.

"సరే ఏడు. టైర్లు మాత్రం నేను చూస్తాను," అన్నాను.

"నువ్వా?" అన్నారు తండ్రీ కూతుళ్ళు ఒక్కసారే. ఈ విషయంలో మాత్రం మహా కలిసిపోతారు.

చలికాలానికి వేరే టైర్లున్నాయట. రబ్బరులో చిన్న చిన్న ఇనప మేకులు దిగేసి ఉంటాయి. మెత్తటి మంచుతో పెద్ద ప్రమాదం లేదట. అది కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి అద్దంలా అవుతుందే, అదీ చంపేది. ఆ అద్దాన్ని ఈ మేకులు గోళ్ళలా పట్టుకుంటాయి. ఇదంతా అబిగేల్ లాప్‌టాప్‌లో చూపిస్తూ చెప్పింది. నాకు మేకుల మాట నచ్చింది. అయితే అది చూపిస్తున్న టైరులో రెండే వరసలు.

"అదుగో, పక్కన ఉన్నదానికి నాలుగు వరసలున్నాయి. వెడల్పుగా కూడా ఉంది. అది తీసుకో."

"అది మౌంటెన్ బైక్‌కి, మమ్మీ. హెవీ. నేను మౌంటెన్ ఎక్కట్లేదు."

"బరువైతే మంచిదేగా. కదలకుండా ఉంటుంది."

"కదలకపోతే ఆఫీస్‌కి ఎలా వెళ్తాను?"

"రెండు వరసలు ఊడిపోయినా ఇంకో రెండుంటాయి. నా మాట విను."

అది వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన ఫోను వైపు చూశారు. అటో గంట, ఇటో గంట వాదించాక, "ఫైన్. యూ విన్" అని నాలుగు వరసలదే ఆర్డర్ పెట్టేసింది. నేను గెలిచానని ఆ రోజు పాయసం కూడా చేశాను.

పెట్టె వచ్చింది. గరాజ్‌లో విప్పాం. టైరు చేత్తో పట్టుకుంటే రోకలంత బరువుంది. దీన్ని మంచు ఏం చేయగలదు అనుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చెమటలు కక్కుతూ ఎక్కించి, చక్రాన్ని సైకిలుకి బిగించి తిప్పబోతే అది తిరగలేదు. వెడల్పు ఎక్కువై మడ్‌గార్డుకి రాసుకుంటోంది. మడ్‌గార్డు ఊడదీశారు. అప్పుడు చక్రాన్ని పట్టుకునే ఆ ఇనప కొమ్ములకి రాసుకుంది.

"కొంచెం అటూ ఇటూ కోస్తే..." అన్నాను.

"ఏం కోస్తావ్? సైకిలునా, టైరునా?" అన్నారు ఆయన.

"ఐ టోల్డ్ యూ," అంది అబిగేల్.

"చెప్పావు, గట్టిగా చెప్పావా?"

"మమ్మీ! గంటసేపు చెప్పాను!"

వేళ్ళకి నల్లటి మసి, గరాజ్‌లో చలి, నేల మీద ఊడదీసిన మరలు ఏది ఎక్కడిదో తెలియకుండా. ఆయన లేచి నడుం పట్టుకుని అన్నారు, "విమలా, నీ భయానికి సరిపడా టైరు ఏ కంపెనీ వాడూ చేయడు."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. చేస్తే ఏం పోయింది ఆ కంపెనీ వాళ్ళకి? వాళ్ళకి పిల్లల్లేరా?

ఆ టైర్లు వెనక్కి పంపేశాం. ఇక లాభం లేదని ఊళ్ళో సైకిళ్ళ షాపుకి బయల్దేరాం, నేనూ అదీ. నేను రాకపోతే అది ఏదో సన్నది కొనేసుకుంటుంది.

షాపులో ఒక పొడుగాటి తెల్లావిడ ఉంది. ముక్కుకి మన పోగులాంటిదే పెట్టుకుంది. నా ఇంగ్లీషు కూరగాయల షాపుకి సరిపోతుంది కానీ ఇలాంటివాటికి చాలదు. అందుకని తెలుగులో అడిగి, చెప్పమన్నాను.

"అడగవే. ఈ మేకులు ఒక్కొక్కటే ఊడిపోయి, ఊడినవి టైరుకే గుచ్చుకుని, పంచరై, ఆ పంచరైన చోట మనిషి పురుగు లేక, ఫోన్లో చార్జింగ్ అయిపోయి, చీకటిపడితే అప్పుడేంటి గతి?"

అబిగేల్ ఆవిడ వైపు తిరిగి, "డు ద స్టడ్స్ ఫాల్ అవుట్?" అంది.

"నాట్ రియల్లీ," అంది ఆవిడ.

"ఊడవంట, మమ్మీ."

"అంతేనా? నేనడిగినదానికి అంతేనా?"

"అంతే."

"చీకటి గురించి అడిగావా?"

"లైట్ ఉంది కదా, మమ్మీ!"

ఆవిడ సైకిలు చూసి, మడ్‌గార్డు కింద వేలు పెట్టి జాగా కొలిచి, మధ్యరకం వెడల్పున్న టైర్లు తెచ్చింది. పక్కలకి రెండు వరసలు, మధ్యలో అక్కడక్కడా కొన్ని. నాలుగు వరసలది చూపించమన్నాను. అది ఈ సైకిలుకి పట్టదంది. నాకు తెలుసు పట్టదని, అయినా చూపిస్తే ఏం? ఇంకా ఏవేవో చెప్పింది. కొత్తలో పొడి రోడ్డు మీద కొన్నాళ్ళు మెల్లగా తొక్కితే మేకులు రబ్బరులో సర్దుకుంటాయట. మంచు పడ్డాక గాలి కొంచెం తక్కువ ఉంచాలట, అప్పుడు టైరు నేలని ఎక్కువ పట్టుకుంటుందట. ఆ రెండూ అబిగేల్ నాకు తెలుగులో చెప్పింది. ఆ తర్వాత ఆవిడ గొలుసు వైపూ చక్రాల వైపూ చూపిస్తూ ఇంకా చాలాసేపు మాట్లాడింది. ఇది ఊఁ ఊఁ అని తలాడించింది.

"ఏంటంట?"

"ఏం లేదు మమ్మీ. మెయింటెనెన్స్. నాకు తెలుసు అదంతా."

ఈ టైర్లు పట్టాయి. ఎక్కించేటప్పుడు ఆయన బొటనవేలి గోరు చితికింది. చితికిందని ఆయన కన్నా ముందు నేనే అరిచాను. సాయంత్రాలు అది పొడి రోడ్డు మీద మా వీధిలోనే అటూ ఇటూ తిరిగేది. ఆ మేకులు తారు మీద నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు చేసేవి. వంటింట్లో ఉన్నా నాకు వినపడేది. ఎక్కడుందో తెలిసేది. రోజూ ఇలా చప్పుడు వినపడేంత దూరంలోనే తిరిగితే నాకు ఏ బాధా లేదు.

గాలి దగ్గర ఇంకో రభస అయింది. టైరు నొక్కి చూస్తే బొటనవేలు లోపలికి దిగింది.

"ఏమే, ఇందులో గాలే లేదు!"

"కావాలనే తగ్గించాను. షాప్ లేడీ చెప్పింది కదా."

"కొంచెం అంది. ఇది కొంచెమా?"

"డాడీ! మమ్మీని లోపలికి తీసుకెళ్ళు!"

ఇక మిగిలింది నూనె. మా చర్చి ఆదివారం మధ్యాహ్నం ఒక స్కూలు హాల్లో జరుగుతుంది. ఎవరు కొత్త కారు కొన్నా ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో నిలబెడతారు. పాస్టర్ షాలేం రాజుగారు ప్రార్థన చేసి, వేలితో స్టీరింగుకీ తలుపుకీ నూనె రాస్తారు. అబిగేల్ సైకిలు కూడా తీసుకెళ్దామంటే అది, "నో వే, మమ్మీ. అందరూ వీడియో తీస్తారు," అంది. అందుకని పాస్టరుగారిని అడిగి, ప్రార్థించిన ఆలివ్ నూనె ఒక చిన్న సీసాలో తెచ్చుకున్నాను.

"ఒక్క చుక్క చాలమ్మా," అన్నారు పాస్టరుగారు. "బలం నూనెది కాదు, ప్రార్థనది."

చుక్క చాలు అంటే కారుకి చాలు. కారుకి బెల్టులున్నాయి, బెలూన్లున్నాయి, చుట్టూ ఇనుముంది. ఈ సైకిలుకి ఏముంది? మా బిడ్డే ఉంది.

మొదటి మంచు శుక్రవారం రాత్రి పడింది. శనివారం పొద్దున, ఆఫీసు లేని రోజు కాబట్టి, వీధిలో ఒకసారి తొక్కి చూస్తానంది. అది పైన సాక్సుల మీద సాక్సులు వేసుకుంటుంటే నేను గరాజ్‌లోకి వెళ్ళాను. సైకిలు ముందు మోకరించి, "ప్రభువా, ఈ చక్రాలను నీ చేతులతో పట్టుకో" అని ప్రార్థన చేశాను. హ్యాండిల్‌కి రాశాను. సీటుకి రాశాను. టైర్ల మేకులకి రాశాను. చక్రం మధ్యలో చిల్లులు చిల్లులుగా పళ్ళెం లాంటిది మెరుస్తూ ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఇక్కడ కార్లే తుప్పుపడతాయి, ఇదెంత అని, ముందూ వెనకా ఆ రెండు పళ్ళేలకీ రెండువైపులా బాగా పట్టించాను. మనసు కాస్త కుదుటపడింది.

అది హెల్మెట్టూ, చేతికి దుప్పటంత గ్లవ్సులూ, మెరిసే చొక్కా వేసుకుని వచ్చింది. నేను ఆయన జాకెట్ తగిలించుకుని డ్రైవ్‌వే మీద నిలబడ్డాను. ఆయన కాఫీ కప్పుతో తలుపు దగ్గర.

"మెల్లగా!"

"ఇంకా ఎక్కలేదు, మమ్మీ."

మా వీధి ఒకవైపు ఎత్తు, ఇంకోవైపు పెద్ద రోడ్డులోకి పల్లం. ముందు ఎత్తువైపు వెళ్ళింది. పక్కింటివాళ్ళ నీళ్ళ గొట్టం దగ్గర ఎప్పుడూ ఒక మంచుగడ్డ కడుతుంది. పోయినేడు చెత్తడబ్బా లాక్కెళ్తూ నేను పడ్డది అక్కడే. కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూయలేకపోయాను. అది తిన్నగా ఆ గడ్డ మీద నుంచే పోయింది. మేకులు కరకరమన్నాయి. చక్రం ఇటు కాలేదు, అటు కాలేదు. చివరిదాకా వెళ్ళి తిరిగి, పల్లంలోకి వస్తూ నాకు చెయ్యి కూడా ఊపింది.

"చెయ్యి తియ్యకే!" అన్నాను.

అప్పుడే పెద్ద రోడ్డు మీద మంచు నెట్టుకుంటూ పోయే ట్రక్కు వస్తోంది. మూల దగ్గర ఆగాలి ఇది. బ్రేకులు నొక్కడం చూశాను, రెండు చేతులూ బిగించింది. సైకిలు మేకపిల్ల అరిచినట్టు అరిచింది. ఆగలేదు. అరుస్తూ అలా పోతూనే ఉంది. ఆఖరు క్షణంలో హ్యాండిల్ పక్కకి తిప్పేసి, రోడ్డు వారన పోసిన మంచు గుట్టలో పడిపోయింది. ట్రక్కు ఆ మూల దాటుకుని వెళ్ళిపోయింది. వాడు చూడనైనా లేదు.

ఎలా పరిగెత్తానో తెలియదు. ఒక చెప్పు దారిలోనే ఉండిపోయింది. ఆయన కాఫీ కప్పు ఎక్కడ పడేశారో ఇప్పటికీ దొరకలేదు. వెళ్ళేసరికి అది లేచి కూర్చుంది. గడ్డం గీసుకుపోయి మంచు మీద ఎర్రటి చుక్కలు.

"యేసయ్యా! పళ్ళున్నాయా? నోరు తెరు. వేళ్ళు కదుపు. నేనెవరో చెప్పు!"

"మమ్మీ. ఐ యామ్ ఓకే."

ఓకే కాదు. ఆయన సైకిలు మోసుకొచ్చారు, నేను దాన్ని పట్టుకుని తీసుకొచ్చాను. గరాజ్ మెట్టు మీద కూర్చోబెట్టి గడ్డానికి పత్తి అద్దుతున్నాను. అది సైకిలు వైపే చూస్తోంది. గ్లవ్ తీసి ఆ మెరిసే పళ్ళెం మీద వేలు పెట్టింది. వేలు జర్రున జారింది.

"ఆయిల్," అంది. "బ్రేక్ రోటర్ మీద ఆయిల్."

నా చేతిలో పత్తి ఆగిపోయింది.

"ఇట్స్ మీ. మొన్న చైన్‌కి ఆయిల్ స్ప్రే చేసాను. దీని మీద పడింది. షాప్ లేడీ చెప్పింది కూడా, బ్రేక్ దగ్గర ఆయిల్ అస్సలు పడకూడదు, పడితే ఆగదు అని. రెండుసార్లు చెప్పింది." తల మోకాళ్ళ మీద పెట్టుకుంది. "కార్ కూడా నేనే స్పిన్ చేసాను. ఇది కూడా నేనే. నాకు ఏదీ సరిగ్గా రాదు."

"దేవుడు కాపాడాడు, అది చాలు," అన్నారు ఆయన.

"డాడీ, ఇంక రైడ్ చేయను నేను. మమ్మీ కరెక్ట్." ఫోను తీసింది. "అపార్ట్‌మెంట్ వాళ్ళకి మెసేజ్ పెడతాను. మండే వెళ్ళి సైన్ చేస్తాను."

మమ్మీ కరెక్ట్. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నోట ఆ మాట విన్నది అదే మొదటిసారి. వినే రాత ఇలా ఉంది నాకు. నేను ఊరుకుంటే చాలు, సైకిలు మూలనపడుతుంది. ఊరుకుంటే పిల్ల కూడా పోతుంది, అదీ తన చేతులు పనికిరానివని అనుకుంటూ పోతుంది. ఒక్కతే ఆ గదుల్లో కూర్చుని, ఏం ముట్టుకున్నా పాడుచేస్తానేమోనని భయపడుతూ. అలా భయపడడం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"నీ స్ప్రే కాదు," అన్నాను. "నేను రాశాను."

"వాట్?"

"ప్రార్థన నూనె. పొద్దున. అన్నిటికీ రాశాను. దానికి కొంచెం ఎక్కువ రాశాను."

ఆయన సీసా ఎత్తి వెలుతురులో చూశారు. అడుగున నాలుగు చుక్కలున్నాయి.

"ఇది కొంచెమా?" అన్నారు.

"మమ్మీ! బ్రేక్ మీద! బ్రేక్ మీద ఆయిల్ ఎవరైనా పూస్తారా?"

"అది బ్రేకని నాకేం తెలుసు? మా ఊళ్ళో బ్రేకులు చక్రం అంచుకి ఉండేవి, రబ్బరు ముక్కలు! ఆవిడ అంతసేపు చెప్తుంటే ఏంటంట అని అడిగానా లేదా? ఏం లేదు మమ్మీ అన్నావు. నూనె పడకూడదంట అని ఒక్క ముక్క తెలుగులో చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"సో ఇది నా ఫాల్టా?"

"నాదే! నాదే అంటున్నాగా!"

దాని మొహం ఎర్రబడింది. చటుక్కున లేచి, ఆ తడి బట్టలతోనే పైకి పోయి తలుపు వేసుకుంది.

నేను వెనకే వెళ్ళాను. ఆయన వద్దన్నారు, అయినా వెళ్ళాను. తలుపు బయట నిలబడితే లోపల ఫోను నొక్కుతున్న చప్పుడు. నాకు ఒళ్ళు మండింది. దాని మీదా, ఆ నూనె మీదా, కారు రాని నా మీదా, ఎప్పుడూ కప్పు పట్టుకుని నిలబడే ఆ మనిషి మీదా.

"అబీ, విను. పక్కింటివాళ్ళ గొట్టం దగ్గర గడ్డ ఉంది చూడు. నేను పడ్డానే, అది. దాని మీద నుంచే పోయావు నువ్వు. నేను కళ్ళు మూసుకోకుండా చూశాను. వెంట్రుకవాసి జారలేదు. టైర్లు మంచివి. ఆగకపోతే కంగారుపడి ట్రక్కు కిందికి పోలేదు, పక్కకి తిప్పావు. నేనైతే పోయేదాన్ని. నీ చేతులకేమీ కాలేదు. పాడైంది ఆ పళ్ళెం ఒక్కటే."

లోపల చప్పుడు ఆగింది.

"సో రైడ్ చేయమంటున్నావా?"

ఇరుక్కుపోయాను.

"నేనలా అనలేదు."

"అంటున్నావు, మమ్మీ."

"ఆ గదుల వాళ్ళకి మెసేజ్ పెట్టకు అంటున్నాను."

"రైడ్ చేయమంటున్నావా, లేదా? చెప్పు."

ఆ తలుపు బయట నిలబడి ఎంత ఏడుపొచ్చిందో! ఏ తల్లయినా తన నోటితో ఈ మాట అంటుందా? "చెయ్యి," అన్నాను. "చేసి చావు. నన్ను చంపు. కానీ ఈ ఇంటి నుంచి చెయ్యి."

తలుపు తెరుచుకుంది. గడ్డం మీద పత్తి అలాగే అంటుకుని ఉంది.

"ఇంకెప్పుడూ నా సైకిల్ ముట్టుకోవద్దు."

"ముట్టుకోను."

"ప్రామిస్?"

"ప్రార్థన మాత్రం చేస్తాను."

"దూరం నుంచి," అంది. నవ్వలేదు. "అండ్ ఐ యామ్ స్టిల్ యాంగ్రీ."

"ఉండు. నాక్కూడా కోపంగానే ఉంది."

మధ్యాహ్నం ఆయనా అదీ షాపుకి వెళ్ళి బ్రేకులు బాగుచేయించుకొచ్చారు. నూనె పీల్చేసిన ముక్కలు తీసేసి కొత్తవి వేయాల్సి వచ్చిందట. ఎలా అయిందని ఆవిడ అడిగితే ఏం చెప్పారని ఆయన్ని అడిగాను. "మతపరమైన కారణాలు అన్నాను," అన్నారు. ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశానో దేవుడికే తెలియాలి. ఆదివారం అది మా వీధిలో తొక్కింది, పల్లంలోకి వచ్చింది, ఆగింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ ఆగింది. నేను కిటికీలోంచి చూశాను, గరాజ్‌లోకి అడుగుపెట్టలేదు. అపార్ట్‌మెంటు మాట ఎత్తలేదది. వద్దని చెప్పేసిందో, ఆపి ఉంచిందో నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో.

సోమవారం వెలుగు పూర్తిగా రాకముందే బయల్దేరింది. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం. మూల దగ్గర కాలు కింద పెట్టి ఆగింది, అటూ ఇటూ చూసింది, ట్రైల్ వైపు తిరిగింది. ఆ చిటపటలు కాసేపు వినపడి, ఆ తర్వాత వినపడలేదు. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. చేరగానే మెసేజ్ పెట్టమన్నాను. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. తుడిచాను. ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని రింగు గట్టిగా పెట్టాను. ఎవరైనా చేశారంటే అది మంచివార్త కాదేమోనని మళ్ళీ తగ్గించాను. "చేయి అన్నది నువ్వే కదా" అని నా నోరే నన్ను తిడుతోంది.

చివరికి వచ్చింది. ఒక్క అక్షరం, ఇంగ్లీషు ఆర్. రీచ్డ్ అని మొత్తం రాయడానికి దానికి వేళ్ళు అరిగిపోతాయి.

అప్పుడే ఆఫీసు నుంచి ఆయన ఫోను. "నాకూ వచ్చింది మెసేజ్. చేరిందిగా. ఇక స్థిమితంగా టిఫిన్ తిను."

కిటికీలోంచి చూస్తే ఆకాశం బూడిదరంగులోకి తిరుగుతోంది. మధ్యాహ్నానికి మళ్ళీ మంచు పడుతుందని పొద్దున్నే ఫోన్లో చూశాను.

"చేరింది సరేనండీ," అన్నాను. "రావద్దూ?"